మాటల్లేని ఇద్దరి పాట

"రీడు వంగుతోందమ్మా," అన్నాడు నాన్న నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని. "చూడు. రీడుని వంచుతున్నాడు."

అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్ళో మా ఇంటి దగ్గర లైబ్రరీ. దాని వెనకవైపు చిన్న హాలు. అందులో మడత కుర్చీల్లో, మూడో వరసలో నేనూ నాన్నా. రెండు వేల తొమ్మిది, మే నెల చివర, శనివారం మధ్యాహ్నం. పుస్తకాలు తిరిగిచ్చి వెళ్ళిపోదామని వచ్చాం. ఇంతలో వాన పట్టుకుంది. కార్ దాకా పరుగెత్తే వయసు నాన్నకి లేదు, గొడుగు తెచ్చుకునే తెలివి నాకు లేదు. హాల్లో ఏదో పాటల కార్యక్రమం అని తలుపు మీద కాయితం అంటించి ఉంది. వాన తగ్గేదాకా కూర్చుందామని లోపలికి వెళ్ళాం.

ఎదురుగా ఇద్దరే ఇద్దరు. ఒకాయన నల్లజాతి పెద్దాయన, పొడగరి, డెబ్బై దాటి ఉంటాయి, ఒళ్ళో గిటారు. ఆయనకి కాస్త ఎడంగా, పొట్టిగా, గుండ్రంగా ఉన్న తెల్లాయన, దోసిట్లో మౌతార్గాన్. మైకు లేదు, స్పీకర్లు లేవు, గిటారుకి తగిలించిన వైరూ లేదు. గిటారాయన ఎడమ బూటుతో నేల మీద తాళం వేస్తూ ఒక పాదం పాడి ఆగుతాడు. ఆ ఆగిన చోట మౌతార్గాన్ జవాబు చెబుతుంది. ఆయన మళ్ళీ అదే పాదం పాడతాడు. మళ్ళీ జవాబు. మూడోసారి మాత్రం వేరే పాదం పాడి ముగిస్తాడు. ఏరు పొంగి మా ఇంటి దారి మునిగిపోయింది, ఏరు పొంగి మా ఇంటి దారి మునిగిపోయింది, ఇప్పుడు రమ్మంటే నేను ఏ దారిన వచ్చేది? అదీ పాట.

బ్లూస్ అనే మాట అంతకుముందు విన్నాను గానీ, అదేదో దిగాలుగా ఉండే పాట అనుకునేదాన్ని. ఈ ఇద్దరూ దిగాలుగా లేరు. దారి మునిగిన సంగతి చెబుతూ ఆయన బొటనవేలు కింది తీగల మీద గంతులు వేస్తోంది. నా ముందు వరసలో కూర్చున్న ముసలావిడ భుజాలు ఊగుతున్నాయి. నా కాలు కూడా నాకు తెలియకుండానే నేలని తడుతోంది.

నాన్నకి పాటలోని మాటలతో పనిలేదు. ఆయన చూపంతా మౌతార్గాన్ మీదే.

అలా ఎందుకు చూస్తున్నాడో చెప్పాలంటే ఆయన గురించి కొంచెం చెప్పాలి. నాన్న తెనాలిలో పోస్టాఫీసు గుమాస్తా. అది ఉద్యోగం. మనసంతా పద్య నాటకాల మీద. ముప్ఫై ఏళ్ళపాటు చుట్టుపక్కల ఊళ్ళల్లో నాటకం ఉందంటే హార్మోనిస్టు మా నాన్నే. నటుడు పద్యం ఎత్తుకుంటే వెనక నుంచి శ్రుతి అందించడం, అతను రాగం తీస్తుంటే వెంట నడవడం ఆయన పని. మా స్కూల్లో నాకు మొదటి బహుమతి ఇచ్చిన రోజున ఆయన ఎక్కడో రేపల్లె దగ్గర ఎవరి పద్యానికో హార్మోనియం వాయిస్తున్నాడు. అందుకని ఆ పెట్టె అంటే నాకు చిన్నప్పటి నుంచీ కోపం. దాని మీద చెయ్యి వేసేదాన్ని కాదు, ఆయన నేర్పుతానంటే పారిపోయేదాన్ని.

నాన్నకి మాత్రం వేరే బాధ ఉండేది. మా వీధిలో ఒక సంగీతం మాస్టారు ఉండేవారు. కనిపించినప్పుడల్లా ఒకటే మాట అనేవారు. "హార్మోనియంలో గమకం పలకదయ్యా. ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య ఏముందో దానికి తెలీదు." నాన్న నవ్వి ఊరుకునేవాడు. ఇంటికొచ్చి ఒక్కడే కూర్చుని రెండు మెట్లు ఒకదాని వెంట ఒకటి నొక్కుతూ, తిత్తిలో గాలి తగ్గించి, పెంచి, ఆ మధ్యలో ఉన్నదేదో పలికించాలని చూసేవాడు. పలికేది కాదు. లోపలున్నది ఇత్తడి రీడు, గాలికి అదిరే సన్నటి రేకు. అది ఒక్కటే స్వరం పలుకుతుంది.

మౌతార్గాన్‌లో ఉన్నదీ అదే రీడు. ఆ సంగతి నాన్నకి తెలుసు. అలాంటిది, ఆ పొట్టాయన గాలి లోపలికి పీలుస్తూ స్వరాన్ని మెల్లగా కిందికి జార్చి, మళ్ళీ పైకి తెస్తున్నాడు. సాగదీస్తున్నాడు. ఏడిపిస్తున్నాడు. నాన్న కుర్చీ అంచుకి వచ్చేశాడు. వేళ్ళు తొడ మీద ఆడుతున్నాయి.

పాట అయిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. నాన్న లేచి నిలబడి, హాలంతా వినబడేలా, "వన్స్ మోర్," అన్నాడు.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తెనాలిలో అయితే పద్యం బాగుంటే వన్స్ మోర్ అనకపోవడమే తప్పు. ఇక్కడ పాతికమంది వెనక్కి తిరిగి చూశారు. నేను చొక్కా పట్టుకుని లాగాను, ఆయన కూర్చోలేదు. గిటారాయన కళ్ళు చిట్లించి చూశాడు.

"ఇదే పాటా? మళ్ళీనా?" అన్నాడు ఇంగ్లీషులో.

"యస్ సర్. సేమ్ సాంగ్," అన్నాడు నాన్న.

గిటారాయన నవ్వి, హాలు వైపు తిరిగి, "ఇన్నేళ్ళలో నన్నెవరూ ఇలా అడగలేదు," అంటూ మళ్ళీ మొదలుపెట్టాడు. మాటలు అవే, తీగలు అవే, పాట మాత్రం అది కాదు. ఈసారి అన్నీ ఒక అర క్షణం ఆలస్యంగా వచ్చాయి. మౌతార్గాన్ ఇంతకుముందు జవాబు చెప్పిన చోట ఈసారి మౌనంగా ఉండి, తరవాతి పాదం మధ్యలో చిన్నగా మూలిగింది. ముప్ఫై ఏడేళ్ళ వయసులో, ఒకే పాటని వెంటవెంటనే రెండుసార్లు వింటే అవి రెండు పాటలని మొదటిసారి తెలిసింది.

కార్యక్రమం అయ్యాక నాన్న నేరుగా మౌతార్గాన్ ఆయన దగ్గరికి వెళ్ళాడు. నాన్నకి పోస్టాఫీసు ఇంగ్లీషు వచ్చు. అది కాస్త బిగుసుకుపోయినట్టు ఉంటుంది గానీ పనికొస్తుంది. "సర్, ఐ యామ్ హార్మోనియం ప్లేయర్. రిటైర్డ్ పోస్టల్ క్లర్క్," అని చెప్పుకున్నాడు. ఆయన గట్టిగా నవ్వి, తనూ ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచిన పోస్ట్‌మ్యాన్‌నే అన్నాడు. ఇద్దరూ చేతులు పట్టుకుని వదల్లేదు. మౌతార్గాన్ ఆయన చిన్న సూట్‌కేసు తెరిచి వరసగా పేర్చి ఉన్న మౌతార్గాన్లు చూపించాడు. ఒక్కో శ్రుతికి ఒక్కోటి. పీల్చేటప్పుడు నాలుక వెనక్కి లాగితే స్వరం ఎలా కిందికి దిగుతుందో నోరు తెరిచి మరీ చూపించాడు. నాన్న పళ్ళ డాక్టరులాగా వంగి ఆ నోట్లోకి చూశాడు.

గిటారాయన పెట్టె సర్దుకుని వచ్చాడు. బుధవారం పొద్దున పది గంటలకి పక్క ఊరు బూన్‌టన్‌లో తన ఇంటి వరండాలో వాయించుకుంటామనీ, రావాలనుంటే రమ్మనీ నాన్నతో చెప్పాడు. అడ్రస్ కాయితం మీద రాసిచ్చాడు. తరవాత ముందు తలుపు గుండా వెళ్ళిపోయాడు. మౌతార్గాన్ ఆయన పక్క తలుపు గుండా వెళ్ళాడు. గంటన్నర కలిసి వాయించిన ఇద్దరూ ఒకరికొకరు వస్తానని కూడా చెప్పుకోలేదు. వానలో తొందరేమో అనుకున్నాను.

నాన్న అప్పటికి అమెరికా వచ్చి మూడు వారాలు. అమ్మ హైదరాబాద్‌లో తమ్ముడి దగ్గర, వాళ్ళ పసిపిల్లతో ఉండిపోయింది. మా ఆయన సోమవారం విమానం ఎక్కి గురువారం దిగే కన్సల్టెంటు. నేను ఒక మందుల కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. నాన్న స్వెట్టర్ వేసుకుని అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ చుట్టూ పొద్దున నాలుగుసార్లు, సాయంత్రం నాలుగుసార్లు తిరిగేవాడు. కార్ లేకుండా అంతకుమించి ఎక్కడికీ పోలేడు. ఎప్పుడడిగినా "బానే ఉందమ్మా" అనేవాడు. ఆ గొంతులో ఏమీ ఉండేది కాదు.

ఆ శనివారం సాయంత్రం నుంచీ గొంతు మారిపోయింది. ఆదివారం నాలుగుసార్లు అడిగాడు.

"బుధవారం నీకు ఆఫీసుందా?"

"వర్క్ ఫ్రమ్ హోమ్ నాన్నా. లాప్‌టాప్ ఎక్కడైనా పెట్టుకోవచ్చు."

"అయితే వాళ్ళ వరండాలో పెట్టుకోవచ్చుగా?"

పెట్టుకున్నాను. జూన్ నుంచి అక్టోబర్ దాకా దాదాపు ప్రతి బుధవారం పొద్దున నాన్నని బూన్‌టన్ డ్రైవ్ చేసి, ఆ వరండాలో ఒక మూల కూర్చుని పని చేసుకున్నాను. చేసుకున్నానని అనడమే గానీ, సగం రోజులు తెర మీద ఏముందో చూసిందే లేదు.

దగ్గరగా కూర్చుని విన్నప్పుడు తెలిసింది, ఆ ఇద్దరి సంగీతంలో వాయించింది ఎంతో, వాయించకుండా వదిలింది అంత. గిటారాయన బొటనవేలు ఒక పని చేస్తే మిగతా వేళ్ళు ఇంకో పని చేసేవి. కళ్ళు మూసుకుంటే ఇద్దరు గిటారు వాయిస్తున్నట్టుండేది. అయినా చాలా చోట్ల ఆయన తీగల మీద అరచెయ్యి ఆనించి నిశ్శబ్దం చేసేవాడు. ఆ నిశ్శబ్దంలో వీధిలో కుక్క మొరగడం, పక్కింటి లాన్‌మోవర్ కూడా వినిపించేవి, అవి కూడా పాటలో కలిసేవి. చెక్క కుర్చీ కిర్రుమనడం, మౌతార్గాన్ ఆయన ఊపిరి తీసుకోవడం అన్నీ వినిపించేవి. సినిమా పాటల్లో యాభై వయొలిన్లు వినీ వినీ పెరిగినదాన్ని. ఒక తీగ, ఒక ఊపిరి చాలని అప్పుడు తెలిసింది. మంగళవారం వచ్చిందంటే చాలు, రేపటికోసం మనసు ఉరకలు వేసేది.

మూడో బుధవారం తిరిగి బయల్దేరేటప్పుడు నాన్న కార్‌లో కూర్చోగానే అన్నాడు. "నువ్వు గమనించావా? వాళ్ళిద్దరికీ మాటల్లేవు."

"అదేంటి నాన్నా?"

"మాటల్లేవంటే మాటల్లేవు. ఇవాళ మౌతార్గాన్ ఆయన నన్ను అడిగాడు, తరవాత ఏ శ్రుతో కనుక్కోమని. గిటారాయన రెండు గజాల దూరంలో ఉన్నాడు. నేనడిగి, ఈయనకి చెప్పాను."

నేను వెనక్కి తలుచుకుని చూశాను. నిజమే. ఇద్దరూ నాతో మాట్లాడతారు, నాన్నతో మాట్లాడతారు. గిటారాయన ఒక తీగ మీటితే రెండో ఆయన దానికి సరిపోయే మౌతార్గాన్ తీసుకుంటాడు. తల ఊపితే మొదలు, భుజం ఎగరేస్తే ముగింపు. అంతకుమించి ఒక్క ముక్క లేదు. లైబ్రరీలో కార్యక్రమాలు కూడా గిటారాయన కూతురు ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేసి చెబుతుందట.

నాకు ఆశ్చర్యం ఆగలేదు. నాన్నకి మాత్రం అంత వింతగా అనిపించలేదు.

"మా ట్రూపులో బావామరుదుల వేషాలు వేసే ఇద్దరికి ఏడేళ్ళు మాటల్లేవు. స్టేజి మీద 'బావా' అంటూ కౌగలించుకునేవాళ్ళు. మేకప్ గదిలో మధ్యలో నన్ను కూర్చోబెట్టుకునేవాళ్ళు," అన్నాడు. "కానీ వాళ్ళకి రాసిపెట్టిన మాటలున్నాయమ్మా. వీళ్ళకి అదీ లేదు. అప్పటికప్పుడు ఒకడు అడగాలి, ఒకడు జవాబు చెప్పాలి. మాటల్లేనివాళ్ళు అలా ఎలా చెప్పుకుంటారు?" అన్నాడు.

సంగతి జులైలో తెలిసింది. ఆ రోజు నేను పులిహోర చేసి తీసుకెళ్ళాను. మౌతార్గాన్ ఆయన తిని, ముందే వెళ్ళిపోయాడు. గిటారాయన గిన్నె ఒళ్ళో పెట్టుకుని, నాన్న అడగకుండానే చెప్పాడు.

ఇద్దరూ కలిసి ఇరవై ఏళ్ళు వాయించాక, అప్పుడే ఉద్యోగం నుంచి రిటైరైన మౌతార్గాన్ ఆయన్ని ఒక పెద్ద బ్యాండు పిలిచిందట. కరెంటు గిటార్లు, డ్రమ్స్, బస్సులో ఊరూరా తిరగడం. మూడు వారాలు వెళ్ళొస్తానని వెళ్ళాడు. రెండేళ్ళు రాలేదు. అప్పుడే గిటారాయన భార్యకి జబ్బు చేసింది. ఆవిడకి ఆ మౌతార్గాన్ అంటే ప్రాణం. కబురు పంపించారు. రాలేదు. ఆవిడ పోయింది. అప్పుడూ రాలేదు. ఆ తరవాత ఎప్పుడో ఒక బుధవారం పొద్దున సూట్‌కేసు పట్టుకుని ఈ మెట్ల దగ్గర నిలబడ్డాడు.

"మీరేమన్నారు?" అని అడిగాను.

"ఏమీ అనలేదు. కుర్చీ చూపించాను. వాయించాం. పదకొండేళ్ళయింది."

"ఎందుకు రానిచ్చారు?"

ఆయన గిన్నె పక్కన పెట్టాడు. "అతను లేని రెండేళ్ళూ ఒక్కణ్ణే వాయించాను. పాడి ఆగేవాణ్ణి. ఆగిన చోట ఏమీ ఉండేది కాదు," అన్నాడు. "మాట్లాడితే మాత్రం ఆ మాట అనాల్సి వస్తుంది. అంటే అతను వెళ్ళిపోతాడు. అందుకే మాట్లాడను."

ఆ తరవాతి బుధవారం నుంచీ నాకు ఆ సంగీతం వేరే రకంగా వినిపించింది. పదకొండేళ్ళుగా ఇద్దరు మనుషులు ప్రతి బుధవారం ఒకరినొకరు అడుగుతూ, జవాబులు చెప్పుకుంటూ ఉన్నారు, అసలు విషయం తప్ప.

సెప్టెంబర్లో ఒక బుధవారం మౌతార్గాన్ ఆయన కార్ రిపేర్‌కి ఇచ్చి బస్సులో వచ్చాడు. తిరిగి వెళ్ళేటప్పుడు నేను దింపుతానన్నాను. వెనక సీట్లో సూట్‌కేసు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాస్త దూరం వెళ్ళాక, "ఆయన మీకు చెప్పే ఉంటాడు," అన్నాడు.

అద్దంలోంచి చూస్తూ తల ఊపాను.

"మొదటి కబురు వచ్చినప్పుడు రేపు బయల్దేరదాం అనుకున్నాను. ఆ రేపు అలా జరుగుతూ పోయింది. ఆవిడ పోయాక ఇక మొహం చెల్లలేదు. తిరిగొచ్చిన రోజున ఆయన తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. కుర్చీ చూపించాడు."

నాన్న ముందు సీట్లోంచి వెనక్కి తిరగడానికి సీట్ బెల్ట్‌తో అవస్థ పడ్డాడు. ఆయన ఇంగ్లీషు సరిపోనప్పుడు తెలుగులో అన్నాడు, నేను మార్చి చెప్పాను.

"సర్, నేను ముప్ఫై ఏళ్ళు వెనక నడిచినవాణ్ణి. నటుడు ముందు, హార్మోనియం వెనక. ఎప్పుడూ ముందుకెళ్ళకూడదు. అది మా పద్ధతి. ఒకే ఒక్కసారి వెళ్ళాను. ఒక పెద్ద నటుడు నిండు సభలో పద్యం మర్చిపోయాడు. నోరు తెరిచి అలా నిలబడిపోయాడు. ఆయన అడగలేడు, అడిగితే పరువు పోతుంది. నేనే మొదటి పాదం వరస వాయించాను. అందుకోలేదు. మళ్ళీ వాయించాను. అప్పుడు అందుకున్నాడు." నాన్న వేలెత్తి చూపించాడు. "మీరు పదకొండేళ్ళుగా జవాబులే చెబుతున్నారు. ఒక్కసారి మీరు మొదలుపెట్టండి."

ఆయన కిటికీలోంచి బయటకి చూస్తూ కూర్చున్నాడు. దిగేటప్పుడు థాంక్స్ మాత్రం చెప్పాడు. ఇల్లు చేరాక నాన్న కంగారు పడ్డాడు. "ఎందుకన్నానో ఏమో. ఊరికే వేలు పెట్టానేమో. ఇప్పుడు ఉన్నదీ పోతే?" అని రెండు రోజులు సణిగాడు.

నాన్న ప్రయాణం అక్టోబర్ మూడో వారంలో. దానికి ఆరు రోజుల ముందు, ఆదివారం మధ్యాహ్నం, అదే లైబ్రరీలో ఆ ఇద్దరి కార్యక్రమం. ఈసారి హాలు నిండిపోయింది. మా అపార్ట్‌మెంట్స్‌లో తెలిసినవాళ్ళందరికీ నేనే ఫోన్లు చేశాను. వద్దన్నవాళ్ళని కూడా లాక్కొచ్చాను. మా ఆయన నా పక్కన, ముందు వరసలో నాన్న.

మూడు పాటలు అయ్యాయి. గిటారాయన తీగలు సరిచేసుకుంటున్నాడు. అలాంటప్పుడు మౌతార్గాన్ ఆయన తల వంచుకుని ఎదురుచూడటం అలవాటు. ఆ రోజు ఎదురుచూడలేదు. మౌతార్గాన్ నోటికి ఆనించి, ఏరు పొంగిన పాటలో మొదటి పాదం ఎత్తుకున్నాడు. మాటలు లేవు గానీ ఏ మాట ఎక్కడుందో స్పష్టంగా తెలుస్తోంది. వాయించి ఆగాడు.

గిటారాయన చెయ్యి తీగల బిరడ మీద అలాగే ఉండిపోయింది. జవాబు రాలేదు. ఆ ఖాళీ నాలుగు తాళం దెబ్బలంత ఉంటుందేమో. హాల్లో కొందరికి ఇది పాటలో భాగం అనిపించి ఉంటుంది.

మౌతార్గాన్ ఆయన అదే పాదం మళ్ళీ వాయించాడు. ఈసారి ఇంకా మెల్లగా. చివరి స్వరాన్ని ఎంత కిందికి వంచాడంటే అది ఇక విరిగిపోతుందేమో అనిపించింది. వాయించి, మౌతార్గాన్ ఒళ్ళోకి దించేశాడు. మూడో పాదం మిగిలింది. అది ముగించే పాదం. దాన్ని వదిలేసి, మొదటిసారి తల తిప్పి, గిటారాయన మొహంలోకి చూశాడు.

"మూడు వారాలన్నావు," అన్నాడు గిటారాయన.

మైకు లేకపోయినా వెనక వరస దాకా వినిపించింది.

"అవును. అన్నాను."

"తను ప్రతి బుధవారం అడిగేది. వచ్చాడా అని."

"నాకు కబురు అందింది. రావలసింది. రాలేదు." ఆయన గొంతు నేను ఎన్నోసార్లు విన్నాను. అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు. "తప్పు చేశాను."

గిటారాయన కళ్ళు దించుకున్నాడు. ఇక లేచి వెళ్ళిపోతాడనే అనుకున్నాను. నాన్న రెండు చేతులూ మోకాళ్ళ మీద బిగించి పట్టుకున్నాడు. అప్పుడు ఆ బొటనవేలు కింది తీగ మీదికి వచ్చింది. ఒకసారి మీటింది. ఎడమ బూటు నేలని తాకింది. మూడో పాదం పాడాడు. ఇప్పుడు రమ్మంటే నేను ఏ దారిన వచ్చేది అని. మౌతార్గాన్ అందుకుంది.

ఆ తరవాత జరిగింది ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ పాట పది నిమిషాలు సాగిందో, ఇరవై నిమిషాలో. ఎవరు అడుగుతున్నారో, ఎవరు జవాబు చెబుతున్నారో తెలియకుండా పోయింది. ఒకడి పాదం మధ్యలో రెండోవాడు దూరిపోతున్నాడు, ఒకరి మీద ఒకరు పడిపోతున్నారు, పదకొండేళ్ళ మాటలన్నీ ఒక్కసారి తోసుకొస్తుంటే. జనం లేచి నిలబడి చేతులతో తాళం వేస్తున్నారు. బలవంతాన వచ్చిన మా పక్క ఫ్లాట్ ఆవిడ అందరికన్నా గట్టిగా వేస్తోంది. మా ఆయన, పాటంటే పట్టని మనిషి, నా భుజం మీద చెయ్యి వేసి ఊగుతున్నాడు. నేను నాన్ననే చూశాను. ఆయన వేళ్ళు మోకాళ్ళ మీద, లేని మెట్ల మీద పరుగులు పెడుతున్నాయి. నా చిన్నప్పుడు ఏ ఊళ్ళో ఏ స్టేజి మీద ఆయన ఇలా ఉండేవాడో, ఎందుకు ఇంటికి ఆలస్యంగా వచ్చేవాడో, ఆ క్షణంలో నాకు కనిపించింది. కోపం ఎప్పుడు పోయిందో తెలీదు.

పాట అయ్యాక వాళ్ళు కౌగలించుకోలేదు, ఏమీ లేదు. గిటారాయన చొక్కా చేత్తో మొహం తుడుచుకుని, "నువ్వు రెండో పాదంలో తొందరపడ్డావు," అన్నాడు.

"నువ్వు తాళం తప్పావు," అన్నాడు రెండో ఆయన.

హాలంతా నవ్వింది. ఆ రోజు ఇద్దరూ ఒకే తలుపు గుండా, వాదించుకుంటూ వెళ్ళారు.

ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళే ముందు నాన్నకి మౌతార్గాన్ ఆయన తన సూట్‌కేసులోంచి ఒకటి తీసిచ్చాడు. నాన్న విమానంలో దాన్ని జేబులోనే పెట్టుకున్నాడట. తెనాలి వెళ్ళాక రోజూ పీల్చి చూసేవాడు. వారానికోసారి ఫోన్లో వినిపించేవాడు. మొదట్లో అది ఈలలా ఉండేది. తరవాతి వేసవి నాటికి ఒక్క స్వరం కాస్త జారింది. "విన్నావా? జారింది కదూ?" అని అడిగాడు. జారిందని ఒప్పుకున్నాను. నిజంగానే జారింది. అప్పటికి సంగీతం మాస్టారు లేరు. ఉంటే నాన్న వాళ్ళింటి అరుగు మీదికి వెళ్ళి కూర్చుని వినిపించేవాడే.

నేను బుధవారాలు మానలేదు. ప్రతి వారం కుదరకపోయినా, నెలకి రెండుసార్లయినా వెళ్ళేదాన్ని. ఆఫీసులో ఎవరైనా ఏం వింటావని అడిగితే వాళ్ళని ఆ వరండాకి తీసుకెళ్ళేదాన్ని. ఇరవై రెండేళ్ళ కుర్రవాళ్ళు, చెవుల్లో ఎప్పుడూ ఏదో ఒకటి పెట్టుకుని తిరిగేవాళ్ళు, ఆ మెట్ల మీద కూర్చుని కదలకుండా వినేవాళ్ళు. ఇది పాత పాట కదా, ఎందుకింత బాగుంది అని అడిగేవాళ్ళు. నాకు తోచింది చెప్పేదాన్ని. ఇద్దరే ఉంటే దాక్కునే చోటుండదు. ఒకడు ఆగితే ఆగినట్టు తెలుస్తుంది. రెండోవాడు వినకపోతే విననట్టు తెలుస్తుంది. మనుషులు ఒకరినొకరు వింటున్న చప్పుడు అది, దానికి కొత్తా పాతా ఏముంటుంది అనేదాన్ని.

రెండు వేల పద్నాలుగులో మా ఆయనకి సియాటిల్ వైపు ఉద్యోగం వచ్చి బాతెల్ అనే ఊరికి వెళ్ళిపోయాం. సామాను లారీ వచ్చే రోజు బుధవారమే అయింది. ఒక్క గంట వెళ్ళొస్తానని పొద్దున్నే బూన్‌టన్ వెళ్ళాను. ఆ ఇద్దరూ వరండాలో అప్పటికే గొడవ పడుతున్నారు. ఫలానా పాట మొదట ఎవరు ఎవరికి నేర్పారనేది ఆ రోజు గొడవ. గిటారాయన నాతో అంటాడు, "ఈయన మాట్లాడటం మొదలుపెట్టాక మేం వాయించేది తగ్గిపోయింది. ముందే బాగుండేది." రెండో ఆయన నాతో అంటాడు, "ఆయన చెప్పేది నమ్మకు." గంట సేపట్లో వాయించింది రెండే రెండు పాటలు. లారీవాళ్ళ దగ్గర్నుంచి మా ఆయన ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. నేను ఫోన్ బ్యాగులో పెట్టేసి, మూడో పాట కోసం కూర్చున్నాను.